ఐదు రూపాయల చిల్లర

మా నాయన ముప్పై రెండేళ్లు ఆర్టీసీలో కండక్టరు. 1977లో చేరి 2009లో రిటైరయ్యాడు. పుట్టింది పులివెందుల పక్కన పల్లెలో, ఉద్యోగం జమ్మలమడుగు డిపోలో, పోయింది ప్రొద్దుటూరులో. ఈ మూడు ఊర్లూ, వాటి మధ్య ముద్దనూరు, తొండూరు. అంతే ఆయన ప్రపంచం. తిరుపతి కూడా రెండుసార్లకు మించి పోయినట్టు లేదు. "రోజూ తిరిగేదే కదప్పా, ఇంకా యాడికి తిరగల్ల?" అనేవాడు.

ఆ చిన్న ప్రపంచంలో ఆయనకు తెలియనిది తక్కువ. ప్రొద్దుటూరులో బస్సెక్కే మూటను చూసి ఆ ఇంట్లో పెండ్లో, దినమో చెప్పేవాడు. ముహూర్తాల కాలంలో పులివెందుల వైపు పల్లెల నుంచి ఇంటిల్లిపాదీ ప్రొద్దుటూరికే వచ్చేవాళ్లు, బంగారానికీ బట్టలకీ. సాయంత్రం తిరుగు బస్సులో ఆడవాళ్లు కొంగు బొడ్లో దోపుకొని, దాని మీద చెయ్యి తీయకుండా కూర్చునేవాళ్లు. అలాంటి వాళ్లను నాయన ఏమీ అడక్కుండానే డ్రైవరు వెనక సీట్లోకి పంపేవాడు. పొద్దున ట్రిప్పులో జమ్మలమడుగు క్యాంబెల్ ఆస్పత్రికి పోయే రోగులు. పులివెందుల నుంచి వచ్చేటప్పుడు టాపు మీద చీనీకాయల మూటలు, అరటిగెలలు.

కక్షల కాలం కూడా అదే. ఒకే బస్సులో రెండు పక్షాల వాళ్లూ ఎక్కేవాళ్లు. ఒకరిని ముందు, ఇంకొకరిని వెనక కూర్చోబెట్టి మధ్యలో తాను నిలబడేవాడు. "టికెట్ తీసుకున్నోడు నాకు ప్యాసింజరు. దిగినాంక వాడు ఎవురైతే నాకేంటికి?" అనేవాడు. ఊర్లో ఏదైనా జరిగితే మొదట పగిలేది బస్సు అద్దాలే. ఆ రోజుల్లో నాయన ఇల్లు చేరేదాకా అమ్మ వాకిట్లోనే కూర్చునేది. ఆయన వచ్చి కాళ్లు కడుక్కొని, ఏమీ జరగనట్టు "కూరేంది?" అని అడిగేవాడు.

మంచివాడు అనే మాట ఆయనకు పూర్తిగా సరిపోదు. పిసినారి. పెన్సిలు కావాలంటే అరిగిపోయిన పాత ముక్క చూపించాల్సిందే. చిల్లర లెక్కపెట్టీ పెట్టీ వేళ్ల చివరలు నల్లబడి ఉండేవి. ఆ చేత్తో మమ్మల్ని దగ్గరకు తీసుకున్నట్టు నాకు గుర్తు లేదు. 2001లో ఆర్టీసీ సమ్మె 24 రోజులు సాగింది. అమ్మ గొలుసు ప్రొద్దుటూరులో కుదువకు పోయింది. నాయన వాళ్ల అన్న తోటకు పోయి చీనీకాయలు కోసి, మూటలు మోశాడు. భుజం మీద కమిలిన మచ్చ చూసేదాకా మాకు తెలియదు. గొలుసు విడిపించడానికి ఏడాది పట్టింది. దాని గురించి కూడా ఇంట్లో ఎవరం మాట్లాడుకోలేదు.

ఇప్పుడు అసలు సంగతి చెప్పాలి.

1996లో నేను ప్రొద్దుటూరులో బీఏ చదువుతున్నాను. హాస్టల్లో ఉండేవాణ్ణి. పుట్టపర్తి నారాయణాచార్యులు బతికిన ఊర్లో తెలుగు చదువుతున్నానని లోపల ఒక గర్వం. స్నేహితులు బంగారు అంగళ్ల వాళ్ల పిల్లలు, ఒకడు లెక్చరరు కొడుకు. మా నాయన ఏం చేస్తాడంటే "ఆర్టీసీ ఆఫీసులో" అని చెప్పేవాణ్ణి. ఒక ఆదివారం అందరం గండికోటకు బయల్దేరాం. జమ్మలమడుగు బస్సెక్కి కూర్చున్నాక చూస్తే కండక్టరు నాయన. ఆ రోజు ఆయనకు ఆ డ్యూటీ కాదు. ఎవరితోనో మార్చుకున్నట్టుంది.

దిగిపోదామా అనుకున్నాను. బస్సు కదిలింది. వరస తర్వాత వరస, "యాడికప్పా?" అంటూ వస్తున్నాడు. నా జేబులో పాసు ఉంది, ఉద్యోగి కొడుకని ఆర్టీసీ ఇచ్చిన పాసు. దాని మీద ఆయన పేరు ఉంది. నేను పది రూపాయల నోటు తీసి, కిటికీలోంచి బయటకు చూస్తూ చెయ్యి చాపాను.

ఆయన ఒక్క క్షణం ఆగాడు. తర్వాత టికెట్ చించి, దాని వెనక 5 అని రాసి చుట్టూ సున్నా చుట్టాడు.

"చిల్లర లేదు. దిగేటప్పుడు అడిగి తీసుకో సార్" అన్నాడు.

ఎవరితోనైనా ఆయన అలాగే అంటాడు. నాతో అన్నది అదొక్కసారే.

జమ్మలమడుగులో దిగాను. చిల్లర అడగలేదు. గండికోటలో పెన్నా లోయ అంచున నిలబడి వాళ్లంతా అరుస్తుంటే నాకేమీ కనపడలేదు. సాయంత్రం వాళ్లను బస్సెక్కించి ఇంటికి పోయాను. నాయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. కిటికీలో నా పుస్తకం మీద ఐదు రూపాయి బిళ్లలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి.

అంతే. ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. చదువైపోయి హైదరాబాదు వచ్చాను. ఉద్యోగం, పెండ్లి, పిల్లలు. పండగకు పోయిన ప్రతిసారీ ఈసారి చెప్దాం అనుకునేవాణ్ణి. 2020 జనవరి 1న ఆర్టీసీ వాళ్లంతా ప్రభుత్వ ఉద్యోగులైనప్పుడు టీవీ ముందు కూర్చొని "మనం పదేండ్ల ముందే దిగిపోతిమి కదరా" అని నవ్వాడు. అప్పుడైనా చెప్పొచ్చు. చెప్పలేదు.

2023లో ఊపిరి ఆడక ప్రొద్దుటూరులో ఆస్పత్రిలో చేర్చాం. చివరి రాత్రి నేనే పక్కన ఉన్నాను. ఆయన వేళ్లు దుప్పటి అంచును పట్టుకొని చించుతున్నట్టు కదులుతున్నాయి, ఆగి మళ్లీ కదులుతున్నాయి. ఇప్పుడు చెప్దామని కుర్చీ దగ్గరికి జరుపుకున్నాను. కళ్లు తెరిచి "తిన్న్యావా?" అన్నాడు. తిన్నానన్నాను. తెల్లవారకముందే పోయాడు.

మట్టి చేయడానికి సొంతూరికి తీసుకుపోవాలి. వ్యాను ఆయన దారిలోనే పోయింది. జమ్మలమడుగు బస్టాండు దగ్గర పాత డ్రైవర్లు, కండక్టర్లు పదిమంది దండతో నిలబడి ఉన్నారు. ఎవరూ పెద్దగా ఏడవలేదు. వ్యాను కదిలే ముందు వాళ్లలో ఒక ముసలాయన దాని పక్కన అరచేత్తో రెండుసార్లు చరిచి "రైట్" అన్నాడు. అలవాటులో అనేసినట్టుంది. తలకాయ దించుకున్నాడు. వ్యాను పెన్నా వంతెన దాటి ముద్దనూరు వైపు సాగింది.

దినాలు అయిపోయిన రాత్రి అమ్మతో ఆ బస్సు సంగతి చెప్పాను. అమ్మకు తెలుసు.

"ఆ పొద్దు ఇంటికొచ్చి సానాసేపు నవ్వినాడు నాయనా. 'నీ కొడుకు పాసు పెట్టుకోని టికెట్ కొన్న్యాడే, డిపోకు లాభం' అన్న్యాడు."

నాకు కొంచెం తేలికైంది. అమ్మ కాసేపాగి మళ్లీ అంది.

"అన్నం మాత్రం తినల్యా. అట్లే పండుకున్న్యాడు."

ఆ ఐదు రూపాయలు మరుసటి రోజే ఖర్చు పెట్టాను. దేనికో ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు.