సున్నా కాదు, ఓ

దీపావళికి మా అమ్మాయి కనకమ్మ సత్రం వచ్చింది. పండగ పూట కూడా కంప్యూటరు వదలదు. మందుల పరిశోధనలో రసాయనాల పట్టికలు సరిచూడడం దాని ఉద్యోగం. బి.కాం. చదివి బ్యాంకులో అంకెలు కూడుకునే నాకు రసాయన శాస్త్రం ఆమడ దూరం. అయినా పక్కన కూర్చున్నాను.

అణువు కట్టడాన్ని అక్షరాల్లో రాసే పద్ధతి ఒకటుంది, పేరు స్మైల్స్. 1980లలో డేవిడ్ వైనింగర్ అనే ఆయన తయారుచేశాడు. సారాయిలో ఉండే ఇథనాల్‌ను 'సిసిఓ' అని రాస్తే చాలు. ఆర్.డి.కిట్ అనే సాఫ్ట్‌వేరు అది చదివి అణువును కడుతుంది. రాత తప్పయితే, కర్బనానికి నాలుగు బంధాలకు బదులు ఐదున్నా సరే, 'నన్' అని ఖాళీ చెయ్యి చూపిస్తుంది. ప్రోగ్రాము అక్కడే ఆగదు. ఎక్కడో కింద, ఆ ఖాళీని ముట్టుకున్న చోట కూలబడుతుంది.

"ఆ వరుసలు తీసేస్తే సరి నాన్నా, ఒక్క లైను చాలు" అంది.

నాకు గుండె కలుక్కుమంది. మా శాఖలో లెడ్జర్లు కంప్యూటరుకెక్కించిన రోజుల్లో అదే మాట అన్నవాణ్ణి నేనే. పుట్టిన తేదీ లేదనో, పేరు కలవలేదనో తిరిగొచ్చిన ఖాతాలను పక్కన పడేశాం. జాబితా కూడా రాసుకోలేదు. (మన తెలుగువాళ్ళ పేర్లతో మరీ చిక్కు. తమిళ లిపిలో క, గలకు ఒకటే అక్షరం. గోవిందమ్మ ఇంకో కాగితంలో కోవిందమ్మ.) ఆరు నెలలకు ఒక ముసలావిడ పాసుపుస్తకంతో వచ్చింది. "నా ఖాతా లేదంటున్నారు నాయనా, నేను బతికే ఉన్నానే!" అంది. పాత లెడ్జరు వెతకడానికి నాలుగు రోజులు పట్టింది. నాలుగు రోజులూ ఆవిడ వరండాలోనే కూర్చుంది.

ఈ సంగతి ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు. ఆ పూట చెప్పాను.

"లోపలికెన్ని వెళ్ళాయి, బయటికెన్ని వచ్చాయి, టాలీ చెయ్యమ్మా. తేడావి సస్పెన్సులో వెయ్యి. వరుస నంబరు, అసలు రాత, కారణం ఉండాలి."

ముప్పై ఏడు తేలాయి. సగానికి పైగా 'ఓ' బదులు సున్నా కొట్టినవే! అంకె కనబడితే వలయం మొదలైందనుకుని, ముగింపు దొరక్క తిరగగొడుతుందట. ఏమీ రాయని గడిని మాత్రం తప్పనదు, పరమాణువు ఒక్కటీ లేని అణువుగా పుచ్చుకుంటుంది. సంతకం లేని చెక్కు పాసైనట్టే! వాటిని విడిగా పట్టుకుంది.

తొమ్మిది మాత్రం ఏమిటో అంతుబట్టలేదు. పట్టిక పంపినవాళ్ళనే అడుగుతానని నంబర్లు రాసుకుంది. అప్పటికి వాళ్ళమ్మ పెట్టిన గారెలు చల్లారిపోయాయి.