ఖాళీ తూటాల లెక్క

కొత్తపల్లెలో మా జేజినాయనకు లైసెన్సు తుపాకీ ఉండేది, 12 బోరు. జొన్న చేలో పందులు పడితే గాల్లోకి ఒక దెబ్బ, అంతే. పేలిన తూటా ఇంకా వెచ్చగా ఉండగానే జేబులో వేసుకునేవాడు. వాటికో బిస్కెట్ డబ్బా, ఓ నోటుపుస్తకం. ఎన్ని కొన్నాడు, ఎన్ని పేల్చాడు, ఎన్ని ఖాళీవి, అన్నీ తేదీలతో సహా.

"ఈ ఇత్తడి ఎందుకయ్యా, పాతసామాన్లోడికి వేస్తే పోదా?" అనేది జేజి.

"ఒక్కటి పోయి ఇంకెక్కడో తేలితే, పేల్చింది నేను కాదని ఎవరికి చెప్పుకోను మే?"

ఆళ్లగడ్డ చుట్టుపక్కల ఫ్యాక్షన్ రగులుతున్న రోజులవి. ఆ భయం ఉత్తదేం కాదు.

డబ్బాను పశువుల కొట్టం దరిదాపులకు రానిచ్చేవాడు కాదు. చాదస్తమనుకునేవాళ్లం. బ్రిటిష్ కాలంలో గుర్రపుశాలల్లో దాచిన ఇత్తడి తూటాలు వానాకాలంలో వాటంతటవే పగిలేవని తర్వాతెప్పుడో చదివాను. మూత్రం నుంచి లేచే అమోనియానే కారణమని 1921లో తేల్చారట!

మళ్లీ మందు కూరి వాడుకోమన్నవాళ్లూ లేకపోలేదు. లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేస్తే 1959 ఆయుధాల చట్టం కింద నేరం. "నాకిచ్చింది తుపాకీ పట్టే కాయితం, తూటా చేసేది కాదు" అనేవాడు.

ఆయన పోయాక నాన్న తుపాకీతో పాటు డబ్బా, పుస్తకం కూడా స్టేషనుకు పట్టుకెళ్లాడు. కానిస్టేబులు రెండుసార్లు లెక్కపెట్టాడు. 41. పుస్తకంలోనూ 41.