ఆల్బర్టు హాలులో నొక రాత్రి

లండను నగరమునకు పోవు మనవారు సాధారణముగా చూచి వచ్చునవి రాజభవనము, గడియారపు గోపురము, థేమ్సు నదిపై వంతెనలు. మేము 2024వ సంవత్సరము నవంబరు మాసమున మా చెల్లెలి పురిటికై అచ్చటికి పోయి నెలదినము లుండియు వానిలో సగమైనను చూడలేదు. పురిటియింట నున్నవారికి తీరిక యెక్కడిది? అయినను ఒక రాత్రి మాత్రము రాయల్ ఆల్బర్టు హాలను గానమందిరమును, అందు పాడిన యొక వృద్ధగాయకుని, ఆయనను వినవచ్చి తమలో తాము వాదులాడుకొనిన జనమును చూడగలిగితిమి. ఆ ముచ్చట సోదరీమణులతో చెప్పుకొనవలెనని యిది వ్రాయుచున్నాము.

మా మఱదిగారికి బాబ్ డిలన్ అను అమెరికా గాయకునియెడ మిక్కిలి యభిమానము. ఆయన సభకు నెలల ముందే రెండు టిక్కెట్లు కొనియుంచిరి, ఒకటి తమకు, ఒకటి మా చెల్లెలికి. శిశువు లెక్కకు పది దినములు ముందుగా వచ్చెను. బాలింత గడప దాటరాదు గనుక రెండవ టిక్కెట్టు మా వంతయ్యెను. మేము సందేహించుచుండగా మా అమ్మ, "పిల్లదానిని చూచుకొనుటకు నేను లేనా? పోయి రావే, పాట వినుటకు గూడ ఇంత ఆలోచనా!" అని కోటు చేతి కిచ్చి పంపినది.

ఆ మాసమున అచ్చట సాయంకాలము నాలుగున్నర గంటలకే చీకటి పడును. సౌత్ కెన్సింగ్టను స్టేషనులో భూగర్భపు రైలు దిగి, పెద్ద పెద్ద మ్యూజియముల ప్రక్కగా ఎగ్జిబిషన్ రోడ్డు వెంట నడచినచో హాలు కానవచ్చును. ఎఱ్ఱ ఇటుకల కట్టడము. కోడిగ్రుడ్డును అడ్డముగా పరుండబెట్టినట్లు కోలగా నుండును. పైన ఇనుపకమ్ముల నడుమ అద్దములు పొదిగిన గుమ్మటము. గోడ పైభాగమున చుట్టును కాల్చినమట్టి పలకలతో కూర్చిన బొమ్మల వరుస. విక్టోరియా రాణి భర్తయగు ఆల్బర్టు 1861లో మరణించెను. 1867లో ఈ మందిరమునకు పునాదిరాయి వేయునప్పుడు రాణి దానికి భర్తపేరు చేర్చెను. 1871 మార్చి 29వ తేదీన తెఱచిరి. ఎదుటి తోటలో ఆయన విగ్రహము బంగారుపూతతో కూర్చుండి యున్నది. ఇంత సొగసైన మందిరమునకు పుట్టుకతోనే యొక లోపము వచ్చినది: గాయకుడు ఒకసారి పలికినచో గుమ్మటము రెండవసారి పలికెడిది. నూరేండ్లకు దగ్గఱగా దానితో వేగి, 1969లో పుట్టగొడుగులవంటి పెద్ద పళ్లెములను పైకప్పునుండి వ్రేలాడదీసి ఆ ప్రతిధ్వనిని చాలవఱకు అణచిరి. లోపల ఐదువేల మందికి పైగా కూర్చుండవచ్చును. నడవలు గుండ్రముగా తిరుగుటచేత మేము మా ద్వారము దొరకక గుడి ప్రాకారమునవలె ఒక ప్రదక్షిణము పూర్తిచేసితిమి.

ప్రవేశించుచోట ప్రతివారి ఫోనును ఒక చిన్న సంచిలో నుంచి తాళము పడునట్లు నొక్కి మరల చేతి కిచ్చిరి. సంచి మనయొద్దనే యుండును గాని తెఱచుట మన చేతిలో లేదు; అవసరమైనచో వెలుపలికి వచ్చి అచ్చటివారిచే తెఱపించుకొనవలెను. ఇది డిలనుగారి సభల నియమమట. ఇంట పసికందును విడిచి వచ్చిన మాకు గుండె గుభేలు మన్నది. మా ముందున్న యొకాయన, "నేను డబ్బిచ్చి వచ్చితిని, బడిపిల్లవాడనా?" అని గొణిగెను. ఆయన వెనుకనున్న యువతి మాత్రము, ఇట్లయిననే యెదుటివారి ఫోను వెలుగులు లేక వేదిక కనబడునని సంతోషించెను. సభ మొదలు కాకమునుపే అభిప్రాయభేదములు మొదలైనవి!

ఈ గాయకుని సంగతి కొంచెము చెప్పవలెను. ఆయన 1941లో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రమున పుట్టెను. 1960 తరువాతి తొలి యేండ్లలో ఒక్క గిటారును, మెడకు తగిలించుకొనిన మౌతార్గనును తోడుగా, నీగ్రో ప్రజల హక్కులను గూర్చియు యుద్ధమును గూర్చియు పాటలు కట్టి పాడెను. 1963 ఆగస్టు 28న మార్టిన్ లూథర్ కింగు వాషింగ్టనులో ప్రసంగించిన మహాసభలో ఈయనయు పాడెను. 1965లో విద్యుత్ గిటారు పట్టి మద్దెలల మ్రోతతో, రాక్ అను ఫక్కిలో పాడ మొదలిడగనే పాత యభిమానులలో చాలమంది మండిపడిరి. 1966 మే 17న మాంచెస్టరు నగరమున సభలోనుండి యొకడు లేచి, ఏసుక్రీస్తును అప్పగించిన శిష్యుని పేరు పెట్టి "యూదా!" అని కేక వేసెను. ఆయన తన వాద్యగాండ్రను ఇంకను బిగ్గరగా వాయింపుడని చెప్పి తరువాతి పాట నెత్తుకొనెను. ఆ మాసాంతమున ఆల్బర్టు హాలులోను పాడినప్పుడు కొందఱు ఎగతాళి చేసిరి, కొందఱు లేచిపోయిరి. ఇందులో నొక వింత: మాంచెస్టరు సభ దొంగరికార్డు చాలకాలము ఆల్బర్టు హాలు పేరుతోనే చేతులు మాఱినది, 1998లో కంపెనీవారే దానిని వెలువరించునప్పుడు ఆ తప్పుపేరునే అట్టపై నుంచిరి. ఈయనకు 2016లో నోబెలు సాహిత్య బహుమాన మిచ్చిరి. పాటలు కట్టువాని కది వచ్చుట యేమని అప్పుడును వాదములు చెలరేగినవి.

2024లో ఆయన నవంబరు 12, 13, 14 తేదీలలో ఇచ్చట పాడెను. మేము విన్నది చివరి రాత్రి. దీపములు మసకగా నుండెను. 83 ఏండ్ల మనిషి నమస్కారమైనను చేయక వచ్చి పాట మొదలుపెట్టెను. ఆ సభ చాలవఱకు ఆయన పియానో వెనుకనే గడిపెను. మా వైపునకు జుట్టును భుజమును తప్ప కనబడలేదు. మొదటి పాట 1967 నాటిది. మా మఱదిగారు సగము పాట గడచిన తరువాత గాని అది యేదో పోల్చుకొనలేకపోయిరి! పాడిన పాటలలో హెచ్చుభాగము 2020లో వెలువడిన క్రొత్త సంపుటములోనివే. పాతవి పాడినను వాని వరుసలు మాఱిపోయినవి; వడిగా నడచునవి నెమ్మదించినవి, రాగముగా సాగవలసిన చోట మాటలాడినట్లుగా నున్నది.

మా వెనుక వరుసలో దంపతు లొకరు కూర్చుండిరి. భర్త ప్రతి పాటకును, "ఇది ఏమి పాట?" అని భార్య నడుగుచుండెను. రైలెక్కి యింతదూరము వచ్చితిమి, రికార్డులో నున్నట్లు ఒక్కటైన పాడరాదా యని ఆయన బాధ. "రికార్డు ఇంటిలో నున్నదిగదా, అక్కడ వినవచ్చును, ఊరకుండుడు" అని ఆమె జవాబు. మా కెడమవైపున మాత్రము ఇరువదేండ్ల విద్యార్థి యొకడు క్రొత్త పాటలన్నిటిని పెదవులు కదలించుచు పాడుకొనుచు తన్మయుడై యుండెను. పాతపాట లతనికి అంతగా పట్టినట్లు లేదు.

మా కుడివైపున ఒంటరిగా వచ్చిన యొక వృద్ధురాలు కూర్చుండెను. మా చీర చూచి పలుకరించి, సభకు ముందు తన సంగతి చెప్పినది. 1966లో ఆమెకు 18 ఏండ్లు; ఇదే హాలునకు అన్నగారితో వచ్చెనట. గిటారు మ్రోత మొదలుకాగానే అన్న కోపముతో లేచి చెల్లెలి చేయి పట్టి లాగెను, ఆమె కదలలేదు. అతడు ఒంటరిగా ఇల్లు చేరెను. వారము దినములు ఇద్దఱికిని మాటలు లేవట. "మా అన్న పోయి నాలుగేండ్లయినది. ఉండినచో ఈ రాత్రియు లేచి పోయెడివాడే" అని నవ్వినది. నవ్వుచునే కండ్లు తుడుచుకొనినది. ఆమె సభ యంతయు ఒక్క మాట యాడక, చేతులు ఒడిలో నుంచుకొని వినినది. ఆమెకు నచ్చినదో లేదో మేమడుగలేదు.

మాకు తోచినదియు చెప్పెదము. వరుస మార్చెనని ఆయనను తప్పుపట్టుట న్యాయము కాదు. మన పాండవోద్యోగ విజయముల పద్యములు ఎందఱు నటులు ఎన్ని రాగములలో పాడలేదు? జనము "ఒన్సుమోర్" అని యరచినప్పుడు రెండవసారి మొదటిదానివలెనే పాడు నటుని ఎవ్వరును మెచ్చరు. ఆలాపనలో నిన్నటి సంగతి నేడు రాదు. కాని మాట వినబడకుండుట వేఱు. పదములకొఱకే ప్రసిద్ధుడైన కవి పదములను మ్రింగివేసినచో వినవచ్చినవారి గతి యేమి? ముందుదినము మా మఱదిగారు కాగితముపై వ్రాసి యిచ్చి మాచే చదివింపకున్నచో మాకు నాలుగింట మూడు మాటలు తెలిసియుండవు. ఈ విషయమున మేము వెనుకవరుస పెద్దమనిషి పక్షము. అయినను చివరి పాటలో వాద్యములు తగ్గినవి. ప్రతి మాటయు విడివిడిగా, ముసలిగొంతు జీరతోనే, మా వఱకు వచ్చెను. ఆపై మౌతార్గను పలికించినప్పుడు అంత పెద్ద మందిరమున దగ్గుకూడ వినబడలేదు. గొణిగిన పెద్దమనిషియు లేచి నిలువబడి చప్పట్లు కొట్టెను, కొట్టుచునే, "ఇట్లు మొదటినుండి పాడరాదా!" అనెను.

వెలుపల ఫోనుల తాళములు తీయించుకొనుచు మెట్లమీదనే జనము గుంపులు గుంపులుగా వాదించుచుండిరి. సంగీత మన్నచో ఇదియే యని యొకరు. ఇక ఈయన సభకు రామని యొకరు. మేము ఎగ్జిబిషన్ రోడ్డు పట్టితిమి. మా మఱదిగారు కూనిరాగము తీయుచుండిరి. అది యేమి పాట యని యడుగగా, సభలో రెండవదిగా పాడినదే, 1964 నాటిది యనిరి. "మేము విన్నది ఇట్లు లేదే" అంటిమి.

"లేదు, వదినగారూ" అని ఆయన పాత వరుసలోనే పాడుకొనుచు స్టేషను మెట్లు దిగిరి.