చిట్టి దాహం

మా చిట్టికి పదకొండో యేడు. జాతి స్పిట్జ్ అయినా మా వీధిలో అందరూ పమేరియన్ అనే అంటారు. కుక్కల లెక్కలో ముసలమ్మే గాని, మా ఇంట్లో దాని హోదా ఆఖరి ఆడపిల్లది. వీధి గుమ్మంలో కూర్చుని వచ్చేపోయేవాళ్ళ మంచిచెడ్డలు నిర్ణయించడం దాని ఉద్యోగం.

నిరుడు వేసవిలో దానికి దాహం పట్టుకుంది. ఏలూరు ఎండలు కదా, కుక్కకు మాత్రం ఉండదా అనుకున్నాం. వానలు పడ్డాయి, దాహం తగ్గలేదు. పోసిన నీళ్ళు పోసినట్లే మాయమయ్యేవి. తాగిన నీళ్ళు ఎక్కడికి పోతాయి? తెల్లవారేసరికి హాలులో మడుగు! ఎంత అవసరమైనా తలుపు గీకి, పెరట్లోకి వెళ్ళివచ్చే జీవం అది. దీనికి తోడు ఆకలి. కంచాల చుట్టూ తిరగడం, చెత్తబుట్ట బోర్లించడం, చివరికి నైవేద్యానికి దింపిన పులిహోరలోనే మూతి పెట్టడం. పొట్ట కుండలా దిగింది. "మీ కుక్కకు సుఖం ఎక్కువైందండీ" అని పక్కింటి పిన్నిగారు మెచ్చుకున్నారు. ఊళ్ళో చూపించిన డాక్టరు గారు కూడా ముసలితనమూ, కొవ్వూ అని తేల్చి, తిండి తగ్గించమన్నారు.

తిండి తగ్గించాం. అక్కడితో ఆగితే బాగుండేది. రాత్రి ఎనిమిది దాటగానే నీళ్ళగిన్నె ఒలకబోసి అటక ఎక్కించేవాణ్ణి. ఒక తెల్లవారుజామున మడుగులో కాలు జారి, కోపం పట్టలేక, వార్తాపత్రిక చుట్టి రెండు అంటించాను. అది అరవలేదు. తోక ముడుచుకుని మంచం కిందికి పోయింది.

ఆ వారమే క్లాసులో ఆదిపర్వంలోని సరమ కథ చెప్పవలసి వచ్చింది. యజ్ఞం జరిగేచోట తిరుగుతున్న సరమ కొడుకును జనమేజయుడి తమ్ముళ్ళు నిష్కారణంగా కొడతారు. తప్పు చేయనివాణ్ణి ఎందుకు కొట్టారని ఆ తల్లి కుక్క వచ్చి రాజునే నిలదీస్తుంది. నేను యథాప్రకారం గొంతు పెంచి ధర్మం గురించి మాట్లాడి, ఇంటికి వచ్చి, మళ్ళీ గిన్నె అటక ఎక్కించాను. పాఠాలు చెప్పేవాళ్ళకు ఇదొక సౌకర్యం. పాఠాన్ని క్లాసులోనే వదిలి రావచ్చు.

అసలు సంగతి కనిపెట్టింది మా ఆవిడ. చిట్టికి స్నానం చేయిస్తూ, "ఏమండీ, ఒకసారి ఇలా రండి" అని పిలిచింది. రెండు పక్కలా వెంట్రుకలు ఒక్కలాగే ఊడిపోయాయి. చర్మం ఉల్లిపొరలా పల్చబడి నరాలు కనిపిస్తున్నాయి.

"కొవ్వు పట్టిన ఒళ్ళు ఇలా ఉంటుందా?" అన్నది. నా దగ్గర సమాధానం లేదు.

బెజవాడలో ఒక డాక్టరమ్మకు చూపించాం. ఆవిడ మొదట అడిగింది నీళ్ళ లెక్క. ఇంటికి వచ్చి కొలిస్తే రోజుకు లీటరుంబావు తేలింది. చిట్టి బరువు 8 కిలోలు. కిలోకు 100 మిల్లీలీటర్లు దాటితే అనుమానించవలసిందేనట. మరో రోజు రమ్మని, పొద్దుటే రక్తం తీసి, ఇంజెక్షన్ ఇచ్చి, నాలుగు గంటలు గడిచాక ఒకసారి, ఎనిమిది గంటలు గడిచాక ఒకసారి మళ్ళీ తీశారు. అంతసేపూ అది నా ఒడిలోనే తల పెట్టుకుని పడుకుంది.

జబ్బు పేరు కుషింగ్ వ్యాధి. హార్వే కుషింగ్ అనే అమెరికన్ సర్జన్ మనుషుల్లో దీన్ని గుర్తించి 1912లో వ్రాశాడు. మూత్రపిండాల దగ్గరుండే అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్‌ను అవసరానికి మించి ఊరిస్తాయి. నూటికి 80 పైచిలుకు కుక్కల్లో ఆ తప్పు వాటిది కాదు. మెదడు అడుగునుండే పిట్యూటరీ గ్రంథిలో చిన్న గడ్డ పుట్టి, ఊరించమని ఆజ్ఞలు పంపుతూనే ఉంటుంది. దాహం, ఆకలి, పొట్ట, అన్నీ దాని చలవే.

"నీళ్ళు మాత్రం ఎప్పుడూ ఆపకండి. మూత్రం ఎక్కువగా పోతోంది గనుకనే తాగుతోంది. ఆపితే ప్రాణం మీదికి వస్తుంది" అన్నదావిడ.

మా ఆవిడ నా వంక చూడలేదు. చూసినా బాగుండేది.

మందు ట్రైలోస్టేన్. పొద్దుటి తిండితో ఒక క్యాప్సూల్. దాన్ని విప్పరాదు, గర్భిణులు తాకరాదు. జబ్బు పోదు గాని అదుపులో ఉంటుంది. పది రోజులకు, నెలకు, మూడు నెలలకు రక్తపరీక్షలు. అన్నిటికన్నా నొక్కి చెప్పింది ఒకటి: ఏ పూటైనా తిండి మాని నీరసంగా పడుకుంటే, మందు వేయకుండా వెంటనే ఫోను చేయాలి. మందు ఎక్కువైతే కార్టిసాల్ మరీ పడిపోతుందట.

మూడు వారాల్లో మడుగులు ఆగాయి. కంచాల చుట్టూ తిరగడం తగ్గింది. ఆరో వారంలో ఒక ఉదయం చిట్టి పెరుగన్నం వాసన చూసి తల తిప్పుకుంది. పిలిస్తే తోక మాత్రం కదిపింది. అంతకు ముందైతే, బుద్ధి వచ్చిందని సంతోషించేవాణ్ణి! క్యాప్సూల్ డబ్బాలోనే ఉంచి ఫోను చేశాను. కాలేజీకి సెలవు, మళ్ళీ బెజవాడ. కార్టిసాల్ బాగా పడిపోయిందన్నారు. సెలైన్ ఎక్కించి, మందు కొన్నాళ్ళు ఆపి, తరువాత మోతాదు తగ్గించి మొదలుపెడదామన్నారు.

ఆ రాత్రి నీళ్ళగిన్నె నిండా నింపి, పక్కనే చాప వేసుకుని పడుకున్నాను. నిద్ర పట్టలేదు. చీకటితో ఎప్పుడో గిన్నెలో నాలుక చప్పుడు వినిపించింది. కదలకుండా విన్నాను. ఆ తరువాత కన్నంటుకున్నట్లుంది, వంటింట్లోనుంచి మా ఆవిడ కేక వేసింది.

"ఏమండీ! మీ కూతురు ఇడ్లీ పళ్ళెంలో మూతి పెట్టింది!"

"ఎన్ని తిన్నది?" అంటూ పరుగెత్తాను.