పాత పడవకు కొత్త రంగు

పాత మరపడవను అమ్మదలచినవారు చేసే మొదటి పని దానికి కొత్త రంగు పూయడం; ఆ రంగు చూసి మురిసిపోయి బయానా ఇచ్చేయడం కొనేవారు చేసే మొదటి తప్పు. ఏలూరు మొదలుకొని కైకలూరు, ఆకివీడు వరకు విస్తరించిన కొల్లేటి సీమలో ఇది ఇంకా జరుగుతూనే ఉండటం విచారించవలసిన విషయం, ఎందుకంటే పడవ ఆయుష్షును తెలిపే గుర్తులన్నీ, అంటే పలకల మధ్య సందులు, మేకుల తలల నుంచి కారిన తుప్పు చారలు, వెనుక పలక అడుగున నల్లబడిన కొయ్య, ఆ ఒక్క పూతతోనే కంటికి కనబడకుండా పోతాయి. చూపులకు వికారంగా ఉన్నా సరే, ఏడాదిగా రంగు తగలని పడవనే మొదట పరీక్షించడం మేలు.

పడవను ఎంచుకునే ముందు అది తిరగబోయే నీటిని తెలుసుకోవాలి. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ పల్లంలో నిలిచిన కొల్లేరులోకి బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు వచ్చి కలుస్తాయి, మిగులు నీరు దాదాపు 60 కిలోమీటర్ల ఉప్పుటేరు గుండా సముద్రానికి పోతుంది. సరస్సు లోతు తక్కువ. వేసవిలో మోకాటి లోతు కూడా ఉండని చోట్లు ఉంటాయి. గుర్రపు డెక్క, కిక్కిస దట్టంగా పెరిగిన దారుల్లో అడుగున బిగించిన పంకా, అంటే నీటిని వెనక్కు నెట్టి పడవను ముందుకు నడిపే రెక్కల చక్రం, తీగలు చుట్టుకుని ఆగిపోతుంది, లేదా బురదలో దిగబడుతుంది. 1999లో ఈ సరస్సులో సముద్రమట్టానికి 5 అడుగుల ఎత్తు గీత లోపలి 308 చదరపు కిలోమీటర్లను వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో ఇది రామ్‌సార్ జాబితాలో, అంటే అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలల పట్టికలో, చేరింది. కనుక ఆ గీత లోపల ఇంజిను పడవ తిప్పదలచినవారు అటవీశాఖ అనుమతిని, 2021 నాటి అంతర్దేశీయ నౌకల చట్టం కోరే నమోదునూ ముందే చూసుకోవాలి. అనుమతి ఉన్నా ఆటపాక దగ్గర గూడబాతులు గూళ్లు కట్టుకునే శీతకాలంలో ఇంజిను ఆపి గెడ వేసుకుంటూ పోవడమే సరైన పద్ధతి.

కొయ్య పడవను పరీక్షించడానికి పెద్ద పరికరాలు అక్కరలేదు, ఒక చిన్న సుత్తి, ఒక మొనదేలిన స్క్రూడ్రైవరు చాలు. సుత్తితో పలక మీద వరసగా తడుతూ పోతే గట్టి కొయ్య ఖంగుమంటుంది, పుచ్చిన కొయ్య డుబ్బుమంటుంది; డుబ్బుమన్న చోట మొన గుచ్చితే అది ప్రతిఘటన లేకుండా దిగిపోతుంది. ముందు చూడవలసినవి పడవ నడుము పలకలు కావు. ఇంజిను కూర్చున్న దూలాలు, వెనుక పలక కింది అంచు, అడుగు దూలానికి ఆనుకుని ఉండే మొదటి పలక, పైతట్టు అంచు కింద వాననీరు జారి నిలిచే మూలలు చూడాలి, ఎందుకంటే చెడటం ఎప్పుడూ అక్కడే మొదలవుతుంది. ఇనుప మేకులతో బిగించిన పడవలో మరో రోగం ఉంటుంది: మేకు తుప్పు పట్టి ఉబ్బే కొద్దీ చుట్టూ ఉన్న కొయ్య మెత్తబడి, చివరకు మేకూ పలకా రెండూ చెడతాయి. రాగి మేకులు వేసిన పడవ ధర కొంచెం ఎక్కువైనా దాన్నే కొనడం ఆదా.

నర్సాపురం, మచిలీపట్నం తీరాల నుంచి చవకగా వచ్చే పడవల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ఉప్పునీట బతికే పడవపురుగు అనే ఒక జాతి ఆలుచిప్ప లేతదశలో సూది మొనంత రంధ్రం చేసుకుని కొయ్యలోకి చొరబడుతుంది, లోపల పెరుగుతూ వేలి లావు సొరంగాలు తవ్వుతుంది, బయటికి మాత్రం ఆ సూది రంధ్రం తప్ప మరేమీ కనబడదు. మంచినీట అది బతకలేదు. అయితే కొల్లేటికి తెచ్చినంత మాత్రాన చచ్చిన పురుగు తవ్విన సొరంగాలు పూడిపోవు. అటువంటి పడవకు రంగు వేస్తే ఆ రంధ్రాలూ కప్పబడతాయి కనుక, సముద్రపు పడవ అని తెలిసినప్పుడు అడుగు భాగంలో అరచేయంత మేర రంగు గీకి చూపించమని అడగాలి, అమ్మేవారు ఒప్పుకోకపోతే అక్కడితో బేరం విరమించుకోవాలి.

ఇక అసలు శత్రువు దగ్గరకు రావాలి. కొయ్య పడవను చెరిపేది అది తేలే నీరు అని చాలామంది అనుకుంటారు. చెరిపేది మాత్రం పైనుంచి పడి లోపల నిలిచిపోయే వాననీరు. కొయ్యను తినే శిలీంధ్రానికి చెమ్మ కావాలి, గాలీ కావాలి. కొయ్యలో తేమ 20 శాతానికి మించకుండా ఆరి ఉంటే అది పెరగలేదు, నీటిలో పూర్తిగా మునిగి ఉంటే గాలి అందక అప్పుడూ పెరగలేదు. ఈ రెంటికీ నడుమ తడిసీ తడవక ఉన్న కొయ్యే దానికి తిండి. ఉప్పునీట మునిగిన కొయ్యకు మిగిలే ముప్పు పడవపురుగే. 1628లో స్టాక్‌హోం రేవులో మునిగిపోయిన వాసా అనే యుద్ధనౌకను 1961లో పైకి తీసినప్పుడు దాని కొయ్య చాలావరకు నిలిచి ఉండటానికి ఒక ముఖ్య కారణం, అక్కడి సముద్రంలో ఉప్పు తక్కువ కావడం వల్ల పడవపురుగు లేకపోవడమే. మన పల్లెల్లో ఎండకాలంలో వాడని దోనెను, నాటుపడవను నీట ముంచి ఉంచే పాత అలవాటు ఈ శాస్త్రానికి సరిగ్గా సరిపోతుంది. రోహిణి కార్తె ఎండకు గట్టు మీద పడి ఉన్న పడవ పలకలు ముడుచుకుని సందులు విచ్చుకుంటాయి, మళ్లీ నీటిలో దించిన రోజున పడవ జల్లెడలా కారుతుంది. మునిగి ఉన్న పడవలో పలకలు ఉబ్బి ఒకదానినొకటి బిగబట్టుకుని ఉంటాయి. ఆ అలవాటును మోటు పద్ధతిగా తీసిపారేసి, పడవ మీద ప్లాస్టిక్ పట్టాను గాలి చొరకుండా బిగించి కట్టేవారు లోపలి చెమ్మనంతా బంధించి శిలీంధ్రానికి కావలసిన వసతిని తామే కల్పిస్తున్నారు. పట్టా కట్టవలసే వస్తే మధ్యలో ఒక వెదురు బొంగును దూలంలా ఎత్తి, రెండు చివరలా గాలి ఆడేలా వదలాలి; తాటాకు పందిరి అంతకన్నా మేలు.

ముంచి దాచడం ఇంజిను పడవలో సాధ్యమా అన్న ప్రశ్న ఇక్కడ వస్తుంది. ఇంజిను ఊడదీయగలిగినదైతే సాధ్యమే, అందువల్లనే ఈ సీమకు తగిన ఇంజిను పొడుగు కడ్డీ ఇంజిను. వెనుక పలక మీద ఒక ఇరుసు మీద తిరిగేలా చిన్న డీజిల్ ఇంజినును అమర్చి, దాని నుంచి పొడవైన కడ్డీని నీటిలోకి వాల్చి చివర పంకా బిగిస్తే, డెక్క అడ్డం వచ్చినప్పుడు సరంగు, అనగా పడవ నడిపేవాడు, కడ్డీని నీటి పైకి ఎత్తి తీగలు దులిపి మళ్లీ దించుకోగలడు. అది గాలితో చల్లబడే ఇంజినైతే నీటిని లోపలికి పీల్చే గొట్టమే ఉండదు, కనుక డెక్క వేళ్లు, బురద అడ్డుపడి ఇంజిను వేడెక్కే బెడద కూడా తప్పుతుంది. వాడకం లేని నెలల్లో ఇద్దరు మనుషులు దాన్ని విప్పి ఇంటికి మోసుకుపోవచ్చు, పడవను నిశ్చింతగా మంచినీట ముంచవచ్చు.

ఇంత సులువైన మార్గం ఉండగా కారు ఇంజినునో వ్యాను ఇంజినునో తెచ్చి చిన్న పడవ పొట్టలో బిగించడం క్షమించరాని పని. పడవ సాగేటప్పుడు ముక్కు దగ్గర ఒక అల, తోక దగ్గర మరొక అల లేస్తాయి. ఆ రెండింటి నడుమ దూరం పడవ నిడివితో సమానమయ్యాక పడవ తాను లేపిన అలను తానే ఎక్కలేక ఆగుతుంది, ఆపైన ఎంత శక్తి పోసినా అది అలను పెంచడానికే ఖర్చవుతుంది. నీటిని తాకే నిడివిని అడుగుల్లో తీసుకుని, దాని వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే ఆ వేగపు హద్దు నాట్లలో వస్తుంది. 16 అడుగుల పడవకు అది సుమారు 5.4 నాట్లు, అంటే గంటకు 10 కిలోమీటర్లు. 25 అడుగుల పడవకు సుమారు 12 కిలోమీటర్లు. పదహారు అడుగుల నాటుపడవకు 5 అశ్వశక్తుల ఇంజిను ఆ హద్దు దరిదాపులకు చేరుస్తుంది. నలభై అశ్వశక్తుల కారు ఇంజిను కూడా దాదాపు ఆ హద్దుకే చేరుస్తుంది, అదనంగా ఇచ్చేది బరువు, అదురు, గట్లను కోసే అల, డీజిల్ ఖర్చు. పైగా దాన్ని కదల్చడం సాధ్యం కాదు కనుక పడవ ముంచడానికీ వీలుండదు, దాని కింద నిలిచిన చమురు నీటిలో దూలాలు చెడుతున్నా చూసే దారి ఉండదు.

లోపల బిగించిన ఇంజినుతోనే పడవ దొరికితే కొన్ని పరీక్షలు తప్పవు. చల్లగా ఉన్న ఇంజినును తమ ఎదుటే తిప్పమనాలి. నీలి పొగ వస్తే ఇంజిను చమురు కాలుతున్నట్టు, నల్ల పొగ వస్తే మోయలేని బరువు లేదా పెద్ద పంకా ఉన్నట్టు, చమురు కొలత కడ్డీ మీద పాలలాంటి నురగ కనబడితే లోపలికి నీరు చేరినట్టు. ఇంజినునూ పంకా కడ్డీనీ కలిపే రెండు పళ్లేల మధ్య సందు చుట్టూ ఒకేలా, మిల్లీమీటరులో పదో వంతుకు మించని తేడాతో ఉండాలి. ఈ కొలత పడవ నీటిలో తేలుతున్నప్పుడే తీయాలి, ఎందుకంటే గట్టు మీద ఉన్నప్పుడు పడవ ఆకారం కొద్దిగా మారుతుంది. ఉప్పుటేరు వైపు తిరిగే పడవలో పంకా దగ్గర జింకు ముక్క తగిలించి, అది కరిగిపోయినప్పుడల్లా మార్చాలి. ఉప్పునీట రెండు లోహాల మధ్య పుట్టే విద్యుత్తు కంచు పంకాను విడిచి ముందు జింకును తింటుంది. ఫైబర్ పడవల గురించి చెప్పవలసింది తక్కువే: అడుగున పొక్కులు, వెనుక పలక లోపలి ప్లైవుడ్ పుచ్చడం, ఈ రెండూ లేకుంటే అది కొనదగినదే.

బాగుచేసేటప్పుడు పుచ్చిన భాగాన్ని కోసి గట్టి కొయ్య వచ్చేవరకు తీసివేసి, అదే జాతి కొయ్యతో ఏటవాలు అతుకు వేయాలి. సందుల్లో నూలు దూరించి గుగ్గిలం నూనెతో కలిపి పూడ్చడం వంటి పాత పనికి ఇప్పటికీ సాటి లేదు, ఎందుకంటే ఆ పూడిక పలకతోపాటు సాగుతుంది, ముడుచుకుంటుంది. పాత కొయ్య మీద ఫైబర్ గుడ్డ అతికించి బలపరిచామనడం మాత్రం రంగు పూయడం కన్నా ఘోరం. లోపలి చెమ్మకు బయటికి దారి లేక రెండేళ్లలో ఆ గుడ్డ చిప్పలా నిలిచి, కొయ్య పొడి అవుతుంది.

ఈ పనులకు మంచి కాలం కాలువలు కట్టేసే వేసవి. ఆ కాలువలే ఒకప్పుడు పడవలకు ముఖ్యమైన దారులు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక విజ్జేశ్వరం నుంచి నిడదవోలు, తాడేపల్లిగూడెం మీదుగా ఏలూరు వచ్చే కాలువ, 1855లో విజయవాడ ఆనకట్ట పూర్తయ్యాక అటునుంచి వచ్చే ఏలూరు కాలువతో కలిసి, గోదావరిలో ఎక్కిన పడవ కృష్ణలో దిగగలిగేంత దారి ఏర్పరిచింది. ఎత్తు తేడా ఉన్న చోట లాకులు ఉండేవి. రెండు తలుపుల నడుమ గదిలోకి పడవను చేర్చి, నీటిని నింపి లేక వదిలి, దాన్ని పైమట్టానికో కిందిమట్టానికో మార్చేవారు. గట్టు మీద మనుషులు తాడు పట్టుకుని లాగుతుంటే ధాన్యం పడవలు నెమ్మదిగా సాగేవి, తరువాత మోటారు లాంచీలు వచ్చాయి, ఆపైన రోడ్లు బాగుపడి పడవలు తగ్గాయి. 2008లో కాకినాడ నుంచి పుదుచ్చేరి వరకు ప్రకటించిన జాతీయ జలమార్గం 4లో ఏలూరు కాలువ కూడా ఉంది. ఆ మార్గం నిజంగా పడవలకు పనికిరావాలంటే తవ్వకాల కన్నా ముందు లాకుల తలుపులు బాగుచేయాలి, కాలువలు కట్టేసిన వేసవి నెలల్లోనే వాటి అడుగు భాగం బయటపడుతుంది గనుక ఆ రోజుల్లో వడ్రంగులను, కమ్మరులను దించి ఒక్కొక్క లాకునే చూపించాలి.