విహారానికి బయలుదేరే ముందు ఒక గ్లాసు నీరు

హబ్సిగూడలో స్థిరపడిన మావంటి వారి ఇండ్లకు ఊళ్ల నుండి బంధువులు వచ్చినప్పుడు, సాధారణంగా వారు చూడాలని కోరే మొదటి స్థలం హుస్సేన్‌సాగరమే. తార్నాక మీదుగా సికింద్రాబాదు చేరి, రాణీగంజ్ దాటితే ట్యాంక్‌బండ్ వస్తుంది. ప్రయాణం సులభమే. అయినా ఇంట్లోని పెద్దవారిలో ఒకరో ఇద్దరో "మీరు వెళ్లి రండి, నేను ఇంటి దగ్గర ఉంటాను" అంటారు. మోకాళ్ల నొప్పులనో, ఎండ అనో కారణం చెబుతారు. నా అనుభవంలో చాలామంది విషయంలో అసలు కారణం వేరు. దారిలో మూత్రానికి వెళ్లవలసి వస్తే ఎలా అన్న బెరుకు అది. ముఖ్యంగా స్త్రీలు ఈ మాట పైకి చెప్పరు. కొందరు ఇంట్లో ఉండిపోతారు. మరికొందరు ఉదయం నుండి నీళ్లు మానేసి బయలుదేరుతారు. ఈ రెండవ పద్ధతి ఎంత ప్రమాదకరమో మీకు చెప్పాలని ఇది రాస్తున్నాను.

కొన్నేళ్ల క్రితం వేసవి ఆరంభంలో మా అక్కయ్య మా ఇంటికి వచ్చింది. వయస్సు డెబ్బై దాటింది. చాలాకాలంగా రక్తపోటుకు మందులు వాడుతోంది. బుద్ధ విగ్రహాన్ని దగ్గరగా చూడాలని ఆమెకు ఎంతోకాలంగా కోరిక. 1990లో ఆ ఏకశిలా విగ్రహాన్ని నీటి మీద తరలిస్తుండగా మునిగిపోవడం, 1992లో దానిని పైకి తీసి సరస్సు నడుమ నిలబెట్టడం ఆమె పత్రికలలో చదివి గుర్తుంచుకున్నది. సాయంత్రం ట్యాంక్‌బండ్ మీద వరుసగా నిలిచిన తెలుగు ప్రముఖుల విగ్రహాలను చూసుకుంటూ లుంబినీ పార్కు చేరాము. పడవ ఎక్కేందుకు బల్ల మీద నుండి లేచిన అక్కయ్య రెండడుగులు వేసి, కళ్లు తిరుగుతున్నాయంటూ నా భుజం పట్టుకుంది.

వెంటనే అదే బల్ల మీద పడుకోబెట్టి, కాళ్లను కాస్త ఎత్తులో ఉంచాను. నాడి వేగంగా కొట్టుకుంటున్నది, నాలుక ఎండిపోయి ఉన్నది. తేరుకున్నాక కూర్చోబెట్టి కొద్దికొద్దిగా నీళ్లు తాగించాను. అప్పుడు అడిగితే చెప్పింది: "పొద్దున కాఫీ తాగానురా తమ్ముడూ, అంతే. ఇంతమందిలో నిన్ను పక్కకు పిలిచి ఎక్కడికి తీసుకుపొమ్మనను?" ఆమె వాడే మాత్రలలో ఒకటి మూత్రం ఎక్కువగా వచ్చేలా చేసేది. దానిని మాత్రం అలవాటుగా వేసుకున్నది. మాత్ర ఒంట్లోని నీటిని బయటకు పంపింది. దాని స్థానంలో చేరవలసిన నీరు చేరలేదు.

వయస్సు పెరిగేకొద్దీ దాహం తెలియడం తగ్గుతుంది. నీటిని పొదుపు చేసే శక్తి మూత్రపిండాలకు సన్నగిల్లుతుంది. ఆ స్థితిలో చటుక్కున లేచి నిలబడితే రక్తపోటు పడిపోయి కళ్లు తిరుగుతాయి. అప్పుడు కిందపడితే తుంటి ఎముక విరగవచ్చు. మూత్రాన్ని గంటల తరబడి ఆపుకోవడం, నీళ్లు తక్కువ తాగడం మూత్రనాళ ఇన్ఫెక్షన్లకు దోహదం చేస్తాయి. నీళ్లకు బదులు మాత్రనే మానేసేవారూ ఉన్నారు. అలా చేస్తే రక్తపోటు అదుపు తప్పుతుంది. గుండె జబ్బు ఉన్నవారికి ఆయాసం, కాళ్ల వాపు రావచ్చు.

మరేమి చేయాలి? విహారానికి వెళ్లే రోజు మాత్రను ఏ వేళకు వేసుకోవచ్చో మీ వైద్యుని ముందుగానే అడగండి. చాలాసార్లు వేళను కొద్దిగా మార్చుకుంటే సరిపోతుంది. ఆ నిర్ణయం మీరే తీసుకోకండి. నీళ్లను ఒక్కసారిగా కాకుండా, గంటకోసారి కొన్ని గుక్కలు తాగండి. గుండె, మూత్రపిండాల వ్యాధుల కారణంగా నీటికి పరిమితి విధించినట్లయితే ఆ పరిమితిని పాటించండి. మూత్రం ముదురు పసుపు రంగులోకి మారితే నీరు చాలడం లేదని గ్రహించండి. కూర్చున్న చోటి నుండి లేచేటప్పుడు ఒక్క నిమిషం ఆగండి. మధుమేహానికి మందులు వాడేవారు పడవ కోసం వేచి ఉంటూ భోజనవేళ దాటనీయకూడదు.

ఇక పిల్లలకు ఒక మాట. పెద్దవారు అడిగేవరకు ఆగవద్దు. పార్కులో అడుగుపెట్టగానే మరుగుదొడ్డి ఎక్కడున్నదో మీరే కనుక్కోండి. "అమ్మా, ఒకసారి వెళ్లివద్దామా?" అని కూతురో కోడలో పిలిస్తే ఆ తల్లికి సగం భయం తీరుతుంది. వారం తరువాత మా అక్కయ్యను నా భార్య అలాగే వెంటబెట్టుకుని వెళ్లింది. బుద్ధుని పాదాల చెంత అరగంట సేపు కూర్చుని వచ్చారు.

కుతుబ్‌షాహీల కాలంలో, పదహారవ శతాబ్దిలో తవ్వించిన ఈ సరస్సు చుట్టూ నేటికీ కొత్త ఉద్యానాలు, దీపాలు, విగ్రహాలు వెలుస్తూనే ఉన్నాయి. సంతోషమే. వాటితోపాటు శుభ్రమైన మరుగుదొడ్లు, వాటికి దారి చూపే పెద్ద అక్షరాల బోర్డులు కూడా ఉండాలని మనం అడగాలి. అవి ఉన్నచోట పెద్దవారు నీళ్లు మానరు, ఇంట్లోనూ ఉండిపోరు.