లింగంపల్లి నుండి వాడి దాకా: బండి ఎక్కడున్నదో ఎవరు చెప్పాలి?

సికింద్రాబాదు నుండి పడమరగా వాడి జంక్షనుకు పోయే రైలుమార్గం 1874లో ప్రారంభమైంది. నిజాం ప్రభుత్వపు రైలుమార్గాలకు నాంది ఇదే. నూటయాభై సంవత్సరాల తరువాత, భారత రైల్వేల భద్రతకు సంబంధించిన ఒక ముఖ్యమైన ప్రయోగానికి కూడా ఈ మార్గమే వేదిక అయింది. మా విభాగానికి చెందిన నలుగురం గత వర్షాకాలంలో పని మీద ఈ దారిన పగటిపూట ప్రయాణం చేశాము. ఉపగ్రహాల సహాయంతో స్థానాన్ని చూపే చిన్న పరికరం ఒకటి మా వెంట ఉన్నది.

లింగంపల్లి దాటి శంకరపల్లి వైపు సాగేకొద్దీ ఊరి సందడి తగ్గి, ఎర్రనేలలు, జొన్నచేలు కనిపిస్తాయి. ఆకాశం విశాలంగా ఉన్న ఆ మైదానంలో మా పరికరం ముచ్చటగా పని చేసింది. స్టేషనులో ప్లాట్‌ఫారం రేకుల కప్పు కిందికి చేరగానే దాని నడక మారింది. బండి కదలకుండా నిలిచి ఉన్నా, తెర మీది చుక్క మాత్రం అటూ ఇటూ జరిగి, కాసేపు పక్క పట్టాల మీదికి పోయి కూర్చున్నది. వికారాబాదు దాటి అనంతగిరి అడవుల పక్కగా పోతున్నప్పుడు, చెట్లు దగ్గరకు వచ్చిన చోట్ల మరల అదే తంతు.

ఇందులో పరికరం తప్పు లేదు. జి.పి.ఎస్. ఉపగ్రహాలు భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతుంటాయి. వాటి సంకేతం మనను చేరడానికి పట్టిన కాలాన్ని కొలిచి దూరాన్ని లెక్కకట్టాలి. కాలంలో సెకనులో పదిలక్షవ వంతు తేడా వస్తే దూరంలో 300 మీటర్ల తేడా వస్తుంది. కప్పులకు, గోడలకు తగిలి తిరిగి వచ్చే సంకేతాలు లెక్కను చెడగొడతాయి. దీనికి తోడు మన దేశం అయస్కాంత భూమధ్యరేఖకు చేరువలో ఉన్నందున పై వాతావరణంలోని అయనావరణం ఇక్కడ ఎక్కువ అలజడిగా ఉండి, సంకేతాలను ఆలస్యం చేస్తుంది.

బండి ఎప్పుడు వస్తుందో ప్రయాణికులకు చెప్పడానికి ఈ కొద్దిపాటి తేడా అడ్డు కాదు. ఇస్రో సహకారంతో ఇంజన్లకు అమర్చిన సమాచార వ్యవస్థ 30 సెకన్లకు ఒకమారు బండి ఉన్న చోటును తెలుపుతున్నది. కాని గంటకు 110 కిలోమీటర్ల వేగంతో పోయే బండి ఆ 30 సెకన్లలో 900 మీటర్లకు పైగా ముందుకు పోతుంది. అంతకంటె పెద్ద చిక్కు మరొకటి ఉన్నది. కొత్తగా వేసే జంట మార్గాలలో ఒక లైను మధ్యభాగం నుండి పక్క లైను మధ్యభాగానికి ఉండే దూరం 5.3 మీటర్లు మాత్రమే. బండి ఏ ఊరి దగ్గర ఉన్నది అన్నది కాదు, ఏ పట్టాల మీద ఉన్నది అన్నదే ప్రాణాలకు సంబంధించిన ప్రశ్న.

1999 ఆగస్టు 2న పశ్చిమ బెంగాలులోని గైసల్ వద్ద రెండు రైళ్ళు ఒకే లైను మీద ఎదురెదురుగా ఢీకొని వందలమంది మరణించారు. ఆ తరువాత కొంకణ్ రైల్వే రూపొందించిన రక్షా కవచ్ అనే సాధనం స్థాన నిర్ణయానికి ముఖ్యంగా ఉపగ్రహాలనే నమ్ముకున్నది. దానిని ఈశాన్య సరిహద్దు రైల్వేలో అమర్చి చూశారు. పక్కపక్కనే ఉన్న పట్టాలను నిశ్చయంగా వేరుచేసి చెప్పడమే అక్కడ కష్టమైంది. అక్కర లేని చోట బ్రేకులు పడే సాధనాన్ని ఇంజను నడిపేవారు ఎన్నాళ్ళు నమ్మగలరు?

ఇప్పటి కవచ్ ఈ పాఠాన్ని గుర్తుంచుకొని పుట్టింది. దాని పరీక్షలకు దక్షిణ మధ్య రైల్వేలోని ఈ లింగంపల్లి–వికారాబాదు–వాడి మార్గాన్ని, వికారాబాదు–బీదరు శాఖను ఎన్నుకున్నారు. పట్టాల నడుమ స్లీపర్ల మీద, సుమారు కిలోమీటరుకు ఒకచోట, సిగ్నళ్ళ వద్ద కూడా, రేడియో ట్యాగులను బిగించారు. ఇంజను వాటి మీదుగా పోతూ తానెక్కడ, ఏ లైనుపై ఉన్నదీ చదువుకొంటుంది. రెండు ట్యాగుల మధ్య చక్రాల తిరుగుడును లెక్కించుకొంటుంది. ఉపగ్రహాలను మాత్రం పూర్తిగా వదలలేదు. ఇంజన్లు, స్టేషన్లు రేడియోలో వంతులవారీగా మాట్లాడుకోవాలి. అందరి గడియారాలు ఒకటైతేనే మాటలు కలగాపులగం కావు. ఆ కాలాన్ని ఉపగ్రహాలు అందిస్తాయి. చోటును చెప్పే పని నేలకు, సమయాన్ని చెప్పే పని ఆకాశానికి అప్పగించారన్నమాట.

మేము దాటివచ్చిన గుల్లగూడ, చిట్‌గిద్ద స్టేషన్ల మధ్యనే 2022 మార్చి 4న రైల్వే మంత్రి సమక్షంలో ఒకే లైను మీద రెండు ఇంజన్లను ఎదురెదురుగా నడిపారు. కవచ్ వాటిని 380 మీటర్ల ఎడంలో తనంతట తానే నిలిపివేసింది.

అయితే వేల కిలోమీటర్ల పొడవునా ట్యాగులు బిగించి కాపాడుకోవడం పెద్ద పని. అందుకే ఉపగ్రహాలనే నమ్మదగినవిగా తీర్చిదిద్దే ప్రయత్నాలు ఆగలేదు. ఇటలీలోని సార్డీనియా ద్వీపంలో కాల్యారి నుండి పోయే మార్గం మీద, పట్టాల మధ్య బిగించే పెట్టెలకు బదులు ఉపగ్రహాలు నిర్ణయించిన ఊహాబిందువులను వాడి పరీక్షించారు. మన దేశంలో ఇస్రో, విమానాశ్రయాల ప్రాధికార సంస్థ కలిసి నిర్మించిన గగన్ వ్యవస్థ, ఉపగ్రహ సంకేతంలో లోపం కనిపిస్తే కొద్ది సెకన్లలోనే విమానాన్ని హెచ్చరిస్తుంది. కాని విమానానికి ఆకాశం తెరిచి ఉంటుంది. రైలుకు కొండ, సొరంగం, వంతెన, కప్పు అన్నీ అడ్డే. పైగా రైల్వే సిగ్నలింగులో అత్యున్నత భద్రతా స్థాయిని అందుకోవాలంటే, ప్రమాదకరమైన లోపానికి గంటకు పది కోట్లలో ఒక వంతు కంటె తక్కువ అవకాశమే ఉండాలి.

తాండూరు నాపరాళ్ళ గుట్టలు, కందిచేలు, ఒకనాటి రాష్ట్రకూటుల రాజధాని మాన్యఖేటం పేరును నిలుపుకొన్న మల్కేడ్ స్టేషను, వాటి వెనుక సిమెంటు కర్మాగారాల గొట్టాలు చూస్తూ వాడి చేరుకొనే దాకా మా మధ్య ఇదే చర్చ. సాధనం ఎన్నడూ పొరపడకపోవడం ఒక్కటే భద్రత కాదని మాకు తోచింది. తెలియనప్పుడు తెలియదని వెంటనే చెప్పగలగాలి. మా పరికరం పక్క పట్టాల మీదికి పోయినప్పుడు కూడా ధీమాగానే చూపింది. భయపడవలసింది ఆ ధీమాకే. తన లెక్కలో ఎంత అనుమానం ఉన్నదో తానే కొలుచుకొని, ఆ అనుమానం హద్దు మీరగానే బండిని నెమ్మదింపజేసే ఉపగ్రహ వ్యవస్థ వచ్చిననాడు దానిని నమ్మవచ్చు.

2023 అక్టోబరు 29న విజయనగరం జిల్లా కంటకాపల్లి వద్ద, మూడు లైన్లు పక్కపక్కన ఉన్న చోట, మధ్య లైను మీద ముందు పోతున్న పాసింజరును వెనుక వచ్చిన పాసింజరు ఢీకొన్నది. ఆ బండ్లలో ఉన్నవారు మనవంటి కుటుంబాలవారే. ఈ పని ఎంత నిదానమైనదైనా ఎందుకు విడువరాదో చెప్పడానికి అంతకు మించిన కారణం అక్కర లేదు.